గ్రిజెల్ కట్టిన పాట

పొద్దున్నే వెన్న చిలుకుతూ గ్రిజెల్ ఏదో ఒక రాగం తీసేది. అన్నీ అమ్మమ్మ దగ్గర నేర్చినవే. మొగుడు అలన్ కినెయిర్డ్ ఓట్స్ జావ తాగుతూ చెవి అటే పడేసేవాడు.

"ఆ చివరి మెలిక మళ్ళీ అను."

పొలం దున్నుతూ ఆ రాగానికి మాటలు పేర్చుకునేవాడు. ఆ పాటలతోనే అతని పేరు ఎడిన్‌బరా పట్నం దాకా పాకింది.

ఆ రాగాలతో అతను ఏ ఆడమనిషి మీద పాట కడితే ఆమె జుట్టులో తెల్లటి పూరెమ్మ మొలిచేది, సన్నటి ముళ్ళతో సహా. పాట నిజమైతేనే సుమా. జమీందారు కూతుర్ని పొగుడుతూ కట్టినప్పుడు ఆ పిల్ల తల మీద ఆకు కూడా లేవలేదు. అతని తల్లి తనకు మొలిచిన రెమ్మను గొర్రెల కత్తెరతో కత్తిరించి పొయ్యిలో వేసుకునేది. ఎడిన్‌బరాలో ఒక వితంతువు మాత్రం టోపీ పెట్టుకోవడమే మానేసిందట. గ్రిజెల్‌కి పెళ్ళైన కొత్తలో మొలిచింది. మళ్ళీ లేదు.

ఆ వసంతంలో, వాళ్ళింట్లో పాలు పితికే మేరియన్ తల మీంచి శాలువా తియ్యడం మానేసింది. శాలువాతో తల దాగింది కానీ కడుపు దాగలేదు.

"ఎవరే?" అంది గ్రిజెల్ పాకలో.

మేరియన్ పాలకుండ మీదకి వంగింది. "ఆదివారం చర్చిలో తప్పుపీట మీద కూర్చోబెడతారక్కా. పేరు చెప్పకపోతే ఊళ్ళోంచి వెళ్ళగొడతారు. చెప్పినా ఆయన కాదంటే నా మాట ఎవరు నమ్ముతారు?"

గ్రిజెల్ శాలువా లాగేసింది. తెల్లటి రేకులు పాలల్లో రాలాయి.

"ఏ పాట?"

మేరియన్ ఏడుస్తూ రెండు ముక్కలు పాడింది. గ్రిజెల్ పోల్చుకుంది. చచ్చిపోయిన కూతుర్ని ఒళ్ళో వేసుకుని ఊపుతూ తను పాడిన రాగమది. దాన్ని పట్టుకెళ్ళి అలన్ ఈ పిల్ల పెదవుల మీద పాట కట్టాడు.

"ఏం చెప్పాడో, ఎక్కడ చెప్పాడో, అంతా నాకు చెప్పు," అంది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. మేరియన్ అందరి ముందూ పీట మీద కూర్చుంది. ఊరిపెద్ద నీనియన్ శాలువా తీయించాడు. పూరెమ్మ చూసి అందరూ అలన్ వైపు తిరిగారు.

అలన్ తొణకలేదు. "పాట కట్టాను, నిజమే. మా అమ్మ మీదా కట్టాను. దానికేమంటారు?"

వెనక బల్లల్లో ఎవరో నవ్వారు.

"బిడ్డ తండ్రి పేరు చెప్పు. ఇదే ఆఖరు," అన్నాడు నీనియన్.

అప్పుడు గ్రిజెల్ లేచి నిలబడి పాట అందుకుంది. అదే రాగం, మాటలు మాత్రం తనవి. గడ్డివాము చాటున అతను చేసిన బాసలు, మర్నాడు ఆ పిల్లని చూసి మొహం తిప్పుకుని వెళ్ళిన తీరు.

"ప్రభువు మందిరంలో ఏమిటిది, కూర్చో!" అని పాస్టరుగారు కేకేశారు. గ్రిజెల్ ఆగలేదు. పాట అబద్ధమని తేలితే ఆమెనూ ఆ పీట మీదే కూర్చోబెడతారు. అందరి కళ్ళూ అలన్ తల మీదే. ఏమీ లేదు. ఆమె ఆఖరి చరణానికి వచ్చింది. ఇంకా ఏమీ లేదు. అలన్ పెదవి మీద చిన్న నవ్వు మొదలైంది.

ఆ నవ్వు పూర్తవకుండానే అతని చెవి పక్కన జుట్టు కదిలింది. ముల్లు, ఆకు, మొగ్గ. మొగ్గ విచ్చుకుంది.

అలన్ తడుముకుని చూసుకున్నాడు, వేలికి ముల్లు గుచ్చుకుంది. కాసేపటికి లేచి, తలొంచుకుని వెళ్ళి మేరియన్ పక్కన కూర్చున్నాడు.

మేరియన్‌ని ఊళ్ళోంచి ఎవరూ పంపలేదు. గడ్డి కోతలప్పుడు ఆడపిల్ల పుట్టింది. గ్రిజెల్ మాత్రం మొగుడి ముందు మళ్ళీ ఒక్క కూనిరాగం కూడా తియ్యలేదు. అతను బతిమాలాడు, అలిగాడు, మాటలు పేర్చి చూశాడు. ఒక్క పాటా నిలబడలేదు.

మరుసటి ఏడు పుస్తకాలు అచ్చేసే పెద్దమనిషి ఎడిన్‌బరా నుంచి కొత్త పాటల కోసం వచ్చాడు. అలన్ గ్రిజెల్ వైపు చూపించాడు.

"ఆవిడ్ని అడగండి," అన్నాడు.

గ్రిజెల్ చంటిదాన్ని మేరియన్ చేతికిచ్చి వచ్చి, ఆయనకెదురుగా కూర్చుంది.

"ముందు నా పేరు రాసుకోండి. తర్వాత పాడతాను."