జొన్నల డబ్బాలో ఫోను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తొండూరు దగ్గరి మా అంగన్‌వాడీలో పిల్లలు నేనున్నంతసేపు గుడ్డు పెంకు కూడా కింద పడేయరు. అలాంటి నా చేత అక్కడికొచ్చే ఓ పిల్ల అవ్వ వెంకటలక్ష్మమ్మ ఒక అబద్ధం ఆడించింది. ఆమె మీదకు తోసేస్తే కళ్లు పోతాయి, ఆడింది నేనే.

ఆమె కోడలు నాగలత ఎండాకాలంలో జ్వరమని ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోయి శవమై వచ్చింది. కొడుకు గొర్రెల మందను తోలుకుని ఊళ్లు పట్టుకు తిరిగే మనిషి. ఐదేళ్ల మనవరాలు భారతిని కర్మలయ్యేదాకా జమ్మలమడుగులో మేనత్త దగ్గర ఉంచి, తెచ్చాక 'మీ అమ్మ కువైట్ పోయింది' అన్నారు. మా దిక్కు ఇంటికొకరు కువైట్ పోయినవాళ్లే, ఎవరైనా నమ్ముతారు. పిల్ల మాత్రం అన్నం ముట్టడం మానేసింది.

"టీచరమ్మా, ఒక్కతూరి ఫోన్లో నాగలత మాదిరి మాట్లాడు. నీకు పుణ్యముంటాది" అని ముసలామె నా చేతులు పట్టుకుంది.

నేను ప్రొద్దుటూరు పూజారి కూతుర్ని, మా ఇంటి యాస వేరు. నాగలత మాట నా నోట పలకడానికి గుడ్లు దాచే గదిలో తలుపేసుకుని సాధన చేసి, ఒక శనివారం ఫోను చేశాను. "సంగటి తింటివా బిడ్డా? అవ్వను సతాయిస్తాండావా?" అన్నాను. అవతల నుంచి "అమ్మా" అని వినబడింది. పెళ్లయి పదహారేళ్లయినా నా కడుపు పండలేదు. ఆ పిలుపుకు ఒళ్లు ఝల్లుమంది. ఒక్కతూరి అన్నది ప్రతి శనివారమూ అయింది. పిల్ల తినసాగింది. సిగ్గు విడిచి చెబుతున్నా, శనివారం కోసం దానికంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను.

ఒక్కటే వింత. నేను మాట్లాడి పెట్టేశాక ఆ ఇంట్లో ఫోను మాయమయ్యేదట. వెతగ్గా వెతగ్గా జొన్నల డబ్బా అడుగున దొరికేదట. పిల్ల చేష్టలే వదిలెయ్ అని వెంకటలక్ష్మమ్మతో నవ్వేశాను.

కార్తీకంలో ఒకరోజు గదిలో పప్పు చెరుగుతుంటే, కిటికీ కింద భారతి మాటలు వినిపించాయి. పక్కన నాలుగేళ్ల కమాల్ బాషా ఉన్నాడు.

"మే, మీ అమ్మ కువైట్ నుంచి ఎప్పుడొస్తాది?" అన్నాడు వాడు.

"మా అమ్మ రాదు. సచ్చిపోయింది."

"ఫోన్లో మాట్లాడతాది గదా?"

"ఆయమ్మ మన టీచరు."

నా చేతిలో చేట అట్లే ఆగిపోయింది.

"నీకెట్ల తెల్సు?"

"మా అమ్మ యాడికి పోయినా 'పోయొస్తా' అంటాది. ఆస్పత్రికి పొయ్యేనాడు మట్టుకు ఏమీ అనలే. అందుకే రాలే. ఫోన్లో ఆయమ్మేమో 'ఉంటా' అని పెట్టేస్తాది. టీచరు గూడా ఎవురితో మాట్లాడినా అట్లే అంటాది."

"మరి టీచరుకు చెప్పు."

"వద్దురా. నాకు తెలీదని ఆయమ్మ అనుకుంటాంది. తెలిస్తే ఏడుస్తాది. ఆయమ్మను అమ్మా అని పిలిచేకి ఎవురూ లేరు గదా. మా అవ్వ గూడా పాపం, మాట్లాడేది మా అమ్మే అనుకుంటాంది."

కమాల్ గొంతు తగ్గించాడు. "నీకు భయం కాదా?"

"శానా అయితాది. 'ఉంటా' అంటాది గదా, పెట్టేసినాక గూడా ఫోన్లోనే ఉంటాదేమో అని. అందుకే జొన్నల్లో పూడ్చిపెడతా."

పిల్లను బతికిస్తున్నాననుకున్నాను. దాని చేత వారం వారం తల్లిని పాతిపెట్టిస్తున్నానని తెలియలేదు. పైగా నా మీద జాలిపడి అమ్మా అని పిలుస్తోంది, పిడికెడు పిల్ల.

శనివారం దాకా అదే ఆలోచన. ఫోను చేయడం మానేస్తే ఆ తల్లి రెండోసారి కూడా చెప్పకుండా పోయినట్టవుతుంది. 'పోయొస్తా' అంటే మళ్లీ రావాలి. ఇక మిగిలింది ఒక్క మాట. మాలో గడప దాటేవాళ్లెవరూ ఆ మాట అనరు, అపశకునం.

శనివారం మధ్యాహ్నం ఫోను చేశాను.

"అమ్మా" అంది.

"సంగటి తింటివా బిడ్డా?"

"తింటి."

"పోతాండా బిడ్డా" అన్నాను. నాగలత గొంతు రాలేదు. నా గొంతే వచ్చింది.



"సరే" అంది భారతి. "నేను ఉంటా, టీచరూ."

ఎప్పుడూ నేనే కట్ చేసేదాన్ని. ఆ రోజు చేయలేకపోయాను. జొన్నల డబ్బా మూత చప్పుడు వినపడుతుందేమోనని ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. మూత తీయలేదు. చిన్న అడుగులు వినిపించాయి.

"అవ్వా, ఇంద నీ ఫోను" అంటోంది. "అమ్మ పోయింది. నువ్వు ఏడ్వాకు."