రెండు ద్వారాలు, ఒక కిటికీ

నేను ఒక కిటికీని. గాలికో వెలుతురుకో పెట్టిన కిటికీని కాను, నాటకం టికెట్లు అమ్మడానికి పెట్టిన టేకు కిటికీని. రామచంద్రపురంలో నాటకశాల కట్టినప్పుడు సూరయ్య అనే వడ్రంగి నన్ను చేశాడు. ఒకసారికి ఒక చెయ్యి మాత్రమే పట్టేలా కన్నం పెట్టాడు. మనుషుల గురించి ఆయనకి బాగానే తెలుసు.

మొదట్లో నా వెనక కూర్చున్న గుమాస్తాలందరూ కునికిపాట్లు పడేవాళ్లే. తరవాత పేరంటాలు వచ్చింది. ఆవిడ భర్త ఆ హాల్లో తెర లాగేవాడు. ఆయన పోయాక టికెట్లమ్మే పని ఆవిడకి ఇచ్చారు. ఇరవై రెండేళ్లు కూర్చుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకి మెట్లు లేని వరస, చెవుడున్నవాళ్లకి ముందు వరస అడక్కుండానే ఇచ్చేది. ఇంటి దగ్గర ఆవిడ మరిది పంచన పడి ఉన్న మనిషి. నా వెనక మాత్రం ఊరంతటికీ పేరంటాలమ్మ.

ఆ హాలుకి యజమానులు ఇద్దరు. పద్యనాటకాలు ఆడే మురళీధర నాట్యమండలి ఒకటి, ఈ కాలపు సంసారాల మీద నాటకాలు వేసే కొత్తగొంతు పరిషత్తు ఒకటి. నెల మార్చి నెల ఆడుకునేవాళ్లు. ఒకరి నాటకం మరొకరు చూసిన పాపాన పోలేదు.

ఒకనాడు ముందు గోడ పెచ్చూడి ఒక ప్రేక్షకుడి భుజం మీద పడింది. దాంతో వీధి ముఖమూ, లోపలి వసారా కొత్తగా కట్టాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లు ఒప్పుకున్నది అంతవరకే. ముఖం మీద ఎవరి పేరు పైన ఉండాలన్న దాని మీద ఏడు సమావేశాలు జరిగాయి. అన్నీ నా ఎదుటే, ఆ వసారాలోనే. ఇంజనీరు తెచ్చిన పటంలో పేరంటాలు కళ్లజోడు పెట్టుకుని నన్ను వెతికింది. ఒక మూల చిన్న గడిలా కనిపించాక ఊపిరి పీల్చుకుంది.

ఎనిమిదో సమావేశంలో కొంప మునిగింది. మండలి కార్యదర్శి భీమేశ్వర్రావు ముప్పై ఏళ్లుగా రాజు వేషాలు కడుతున్నాడు. ఆయన కరెంటు బిల్లు చదివినా రాగం తియ్యకుండా ఉండలేడు. "వీధి వైపున ఒక ఘనమైన ద్వారము నిర్మించవలెను" అన్న తీర్మానం చదివి, చివరి మాట పట్టుకుని నిమిషం పైగా సాగదీశాడు. మండలివాళ్లు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి వన్స్ మోర్ అన్నారు. ఆయన మరింత హుషారుగా మళ్లీ చదివాడు. ఆ రోజు మినిట్స్ పుస్తకం రాస్తున్నది పరిషత్తు అధ్యక్షుడు దైవప్రసాదు. జన్మలో పద్యనాటకం చూడని మనిషికి వన్స్ మోర్ సంగతి ఏం తెలుస్తుంది? రెండుసార్లు చదివారు, రెండుసార్లు చప్పట్లు కొట్టారు కాబట్టి రెండు తీర్మానాలని రాసేశాడు. ఇంజనీరు ఆ పుస్తకం చూసి రెండు ద్వారాలు గీశాడు. రెండోది సరిగ్గా నేనున్న గోడలోకి వచ్చింది.

పొరపాటు బయటపడ్డాక ఒక గీత కొట్టేస్తే సరిపోయేది. కానీ అప్పటికే చెరో ద్వారం పంచేసుకున్నారు. ఎవరి ద్వారం మీద వాళ్ల పేరు. ఎనిమిది సమావేశాల్లో తేలని తగువు తేలిపోయిందని టీలు తాగారు.

పేరంటాలు ఒక్కసారే అడిగింది. "మరి నేనెక్కడ కూర్చోవాలండీ?"

"నువ్వు మా ఇంటి మనిషివి పేరంటాలూ. నీకు వేరే చోటేంటి, హాలంతా నీదేగా" అన్నాడు భీమేశ్వర్రావు.

దైవప్రసాదు కూడా తలూపాడు. హాలంతా ఆవిడదే, కుర్చీ వేసుకోవడానికే జాగా లేదు. నాకు ఒళ్లు మండింది.

నన్ను పెకలించి పెరట్లో విరిగిన సింహాసనాల మధ్య పడేశారు. ఆవిడ మరిది ఇంటికి వెళ్లిపోయింది. మూడు నెలలు మొహం చూపించలేదు. కొయ్యనే అయినా నేను బెంగ పెట్టుకున్నాను.

ప్రారంభోత్సవం నాడు రెండు రిబ్బన్లు కట్టారు. అద్దాలు తళతళలాడుతున్నాయి. జనం బాగానే వచ్చి, టికెట్లెక్కడని అడిగారు. ఈ ద్వారంవాళ్లు ఆ ద్వారానికి పంపితే, ఆ ద్వారంవాళ్లు ఈ ద్వారానికి పంపారు. అరగంట సేపు జనం వీధిలో అటూ ఇటూ తిరిగారు. కొందరు విసుగెత్తి ఇంటిదారి పట్టారు. చివరికి ఒక ముసలాయన, పేరంటాలమ్మ ఏదీ అని గట్టిగా అడిగాడు. ఎవరో సైకిలు మీద వెళ్లి తీసుకొచ్చారు.

ఆవిడ ఏ ద్వారంలోంచీ రాలేదు. పెరటి వైపునుంచి వచ్చి, నన్ను వెతికి తీసి, కొంగుతో దుమ్ము తుడిచింది. రెండు ద్వారాల మధ్య ఒక బల్ల వేయించి, దాని మీద నన్ను నిలబెట్టించి, వెనక కూర్చుంది. నా చుట్టూ గోడ లేదు. ఎవరైనా పక్కనుంచి చెయ్యి చాపి టికెట్టు తీసుకోవచ్చు. ఒక్కరూ తీసుకోలేదు. వరస కట్టి, ఒక్కొక్కరే నా కన్నంలోకి చెయ్యి పెట్టారు. నాకు ఏడుపొచ్చింది.

ఇంతలో వేషంలో ఉన్న భీమేశ్వర్రావు హడావిడిగా వచ్చి, పక్కనుంచి చెయ్యి చాపాడు. "అతిథులకి ముందు వరసవి పది ఇలా ఇచ్చెయ్ పేరంటాలూ."

ఆవిడ తల తిప్పలేదు. "ఇటు కాదండీ. కిటికీ దగ్గరకి రండి. వరసలో."

భీమేశ్వర్రావు వరస వైపు చూశాడు. అది వీధి మలుపు దాకా ఉంది. కిరీటం తీసి చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వెళ్లి, వరస చివరనున్న దైవప్రసాదు వెనక నిలబడ్డాడు.