లెక్కలో లేని రేడియేటర్లు

కాంట్రాక్టర్ వెబ్ నేలమాళిగలో ఉన్నది ఒక సిగరెట్ కాలినంతసేపే. ఇన్నాళ్లూ మేడంతటికీ ఆవిరి పంపి వెచ్చబెట్టి, పగిలి చచ్చిన పాత బాయిలర్ చుట్టూ ఓసారి తిరిగాడు. దాని రేకు మీది అంకెలు అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. ఒక్క మెట్టు పైకెక్కలేదు, ఒక్క తలుపు తట్టలేదు.

"దీనికన్నా రెండు సైజులు చిన్నది చాలు," అన్నాడు ఇంటి యజమాని హాలరన్. "పై అంతస్తుల వాళ్లు ఎన్నాళ్లుంటారు గనక? ఈ చలి చూసి వాళ్లే మూటాముల్లె సర్దుకుంటారు. ఆ తర్వాత కొత్తవాళ్లు, పెంచిన అద్దె."

బొగ్గుగది తలుపు వెనక చెత్త డబ్బాతో నిలబడ్డ ఉలీసెస్ పయానో ఆ మాటలన్నీ విన్నాడు. అతనుండేది అయిదో అంతస్తు వెనక వాటా. ఆరో తరగతితో బడి మానేసి, ఇరవయ్యేళ్లు బ్రాంక్స్ పేట అంతటా గొట్టాలు బిగించిన మనిషి. అయిదంతస్తుల మేడకి బాయిలర్ ఎంత కావాలో పాత బాయిలర్ రేకు చెప్పదు. ఇళ్లలో ఆవిరితో గదులు వెచ్చబెట్టే రేడియేటర్లు చెబుతాయి. ఒక్కోదానికీ ఎన్ని రెక్కలు, ఎంత ఎత్తు అని చూసి కూడాలి. ఆ ఇనుమంతటికీ ఒకేసారి ఆవిరి పట్టాలి. పట్టకపోతే కిందివాళ్ల దగ్గరే ఆవిరి నీరైపోతుంది, పైవాళ్లు కోట్లు వేసుకుని పడుకుంటారు. కొత్త బాయిలర్ ఒకసారి దిగిందంటే ముప్ఫయ్యేళ్లు కదలదు.

సాయంత్రం కింద వసారాలో అద్దెవాళ్ల సంఘం మీటింగ్. ఉలీసెస్ విన్నదంతా చెప్పాడు. శుక్రవారం వెబ్ బాయిలర్ తెస్తాడు, అంతకుముందే మనం లెక్క తీసి వాళ్ల ముందు పెట్టాలి అన్నాడు. జనం గొణుక్కున్నారు. అప్పుడు లూథర్ గాడీ లేచి, నెమ్మదిగా, చర్చిలో మాట్లాడినట్టు, అదే మాట మళ్లీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉలీసెస్ చేతులు కట్టుకున్నాడు. మాట తనది, చప్పట్లు వాడివి. సంఘం అధ్యక్షుడి ఎన్నికలోనూ ఇంతే. వాడికి పదమూడు చేతులు లేచాయి, తనకి నాలుగు. అందులో ఒకటి తన పెళ్లానిది. పైగా ఆ గాడీ ఉండేది రెండో అంతస్తు ముందు వాటా. జనవరిలో కిటికీ బార్లా తెరుచుకుని బనీనుతో కూర్చునేవాడు. వీధిలోంచి ఆ బనీను చూసినప్పుడల్లా ఉలీసెస్‌కి తన ఇంట్లో చలి రెండింతలయ్యేది.

"మా వాటా ఆవిరి తాగి కిటికీలోంచి ఉమ్మేసేవాడు నువ్వు," అన్నాడు అందరి ముందే. "నువ్వా మాకు చెప్పేది?"

"రేపు నా ఇంటితోనే మొదలెట్టవయ్యా," అన్నాడు లూథర్. "పుస్తకం నేను పట్టుకుంటా."

దొంగచాటుగా బిగించుకున్న రేడియేటర్ దొరుకుతుందనే ఆశతోనే ఉలీసెస్ ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. ఉన్నవి ఇంటింటికీ యజమాని ఇచ్చిన నాలుగే. ఒక్కదానికీ ఆవిరి కట్టే మూత తిరగదు, పిడి తుప్పుపట్టి ఊడిపోయింది. లూథర్ భార్య మోచేతి దగ్గర అరచేయంత కాలిన మచ్చ.

"మూడేళ్లుగా హాలరన్‌ని అడుగుతున్నా," అన్నాడు లూథర్. "కిటికీ తెరవకపోతే ఉడికిపోయేవాళ్లం. పైన నువ్వు చల్లగా, హాయిగా నిద్రపోతావని ఏడ్చుకునేవాణ్ణి."

వాడూ బాధపడ్డాడని తెలిసినా ఉలీసెస్‌కి సంతోషం కలగలేదు. ఇన్నాళ్లు పెంచుకున్న కుళ్లు ఎవరో చేతిలోంచి గుంజుకున్నట్టనిపించింది.

మూడో అంతస్తులో బీరువా వెనక ఒక రేడియేటర్ బయటపడింది. లెక్క ప్రకారం అది అక్కడ ఉండకూడదు. ఎదురుగా తగలబడిన మేడలోంచి మోసుకొచ్చి బిగించుకున్నది. "పక్కింటికి ఎక్కువ వేడి వస్తోందని..." అని నసిగాడు ఆ ఇంటాయన. నాలుగో అంతస్తులో ఫీనీ ముసలమ్మ తన రేడియేటర్‌కి దుప్పటి కప్పి, పైన మేరీమాత బొమ్మ పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"బల్ల."

"బల్లకి గొట్టం ఎందుకు?"

"నీకెందుకోయ్, రాసుకో. కింద మూడో అంతస్తులో ఉండేదానికి మాత్రం చెప్పకు."

అయిదో అంతస్తుకి వచ్చేసరికి ఇలాంటివి పది తేలాయి. ఉలీసెస్ తన ఇంట్లో నాలుగు చెప్పి, పడగ్గది గుమ్మానికున్న పరదా దగ్గరకి లాగాడు. "ఇందులో ఏం లేదు."

"పరదా తియ్యి, ఉలీసెస్," అంది అతని భార్య మిలాగ్రోస్, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా. "అందరి కొంపలూ చూసొచ్చావుగా."

పరదా వెనక ఉన్నది అన్నిటికన్నా పెద్దది, పన్నెండు రెక్కలది. లూథర్ దాన్నీ, ఉలీసెస్‌నీ చూశాడు. నవ్వలేదు. "పదకొండు," అని రాసుకున్నాడు.

మళ్లీ వసారాలో రభస. ఇవి లెక్కలో చూపిస్తే హాలరన్ కోర్టుకి ఈడుస్తాడు. దాచి ఇళ్లలో ఉంచుకుంటే సరైన బాయిలరైనా చాలదు. "ముందు ఆవిడది తీయించండి." "ముందు వాడిది." ఒకరి మీద ఒకరు వేళ్లు చూపించుకున్నారు.

"హాలరన్‌కి కావలసింది ఇదే," అన్నాడు ఉలీసెస్. "కిందివాడి మీద పైవాడు, పక్కవాడి మీద పక్కవాడు. నేనూ ఆ గడ్డే తిన్నాను. ముందు నాది తీస్తాను. నలుగురు చెయ్యి వెయ్యండి."

"తీసి ఏం చేద్దాం?" అంది ఫీనీ ముసలమ్మ.

జవాబు ఈసారి లూథర్ చెప్పలేదు. ఉలీసెస్ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టలేదు, చొక్కా చేతులు మడిచారు.

శుక్రవారం పొద్దున్నే లారీ వచ్చింది. దాని మీద చిన్న బాయిలర్. నేలమాళిగలోకి బాయిలర్ దించాల్సిన ఇనప తలుపు పేవ్‌మెంట్ మీద ఉంది. ఆ తలుపు మీద పదకొండు రేడియేటర్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. వాటి మీద ఇరవై ఇళ్ల జనం కోట్లు తొడుక్కుని కూర్చున్నారు. గోడ మీద సుద్దతో ఇంటింటి లెక్క, కింద కావలసిన బాయిలర్ సైజు. వెబ్ చదివి తల గోక్కున్నాడు. "లెక్క సరైనదే," అనేశాడు పైకే. హాలరన్ అతని కేసి కొరకొరా చూసి పోలీసుల కోసం వెళ్లాడు.

పోలీసులు రాగానే, అధ్యక్షుడెవరని అడిగి లూథర్ చేతులకి బేడీలు వేశారు.

ఉలీసెస్‌కి మళ్లీ కుళ్లు పుట్టింది. ఇందులోనూ వాడే ముందు. "ఆగండి," అన్నాడు తన పన్నెండు రెక్కల రేడియేటర్ మీంచి దిగుతూ. "లెక్క నాది. మొదట ఊడదీసిన ఇనుము నాది. ఆయనకి వేసి నాకు వెయ్యరా?"

"ఏడ్చావులే, రా," అన్నాడు లూథర్, పోలీసు బండిలో పక్కకి జరుగుతూ.

"నా బల్ల కూడా ఉంది అందులో," అని ఫీనీ ముసలమ్మ చేతులు చాపింది. వెనక మిలాగ్రోస్. ఆ వెనక మూడో అంతస్తు, నాలుగో అంతస్తు, వరస కట్టేశారు. ఎనిమిదిమంది ఎక్కేసరికి బండి నిండిపోయింది. సార్జెంట్ తలుపు వెయ్యబోతే పడలేదు.

"చిన్న సైజు తెచ్చారు సార్," అన్నాడు ఉలీసెస్ లోపలినుంచి. "పైకెక్కి ఇళ్లు లెక్కపెట్టుకుని రండి."

రేడియేటర్ల మీద మిగిలినవాళ్లు ఎవరూ లేవలేదు.