పన్నెండు ఎర్ర చుక్కలు

మా ఇంట్లో సంతకం పెట్టడం నాతోనే మొదలైంది. తాత, నాన్న, అమ్మ అందరూ వేలిముద్ర వేసినవాళ్లే. డిగ్రీ అయ్యాక నాకు పోలీసు వేలిముద్రల విభాగంలో ఉద్యోగం వచ్చిందంటే నాన్న పగలబడి నవ్వాడు. "ఇంత చదివించింది మళ్లీ అక్కడికే పోవడానికట్రా?" అన్నాడు. కానీ వీధిలో ఎదురైన ప్రతి ఒక్కరికీ తనే చెప్పుకున్నాడు.

నాకు పని నేర్పినాయన్ని అందరూ భూతద్దం మాస్టారు అనేవారు. ముప్పై ఏళ్ల సర్వీసు. నేరం జరిగిన చోట దొరికిన ముద్రనూ, మా బీరువాల్లోని కార్డు మీది ముద్రనూ పెద్దవి చేసి పక్కపక్కన పెట్టేవారు. రెండింట్లోనూ గీత చీలిన చోట, ఆగిన చోట ఎర్ర సిరాతో చుక్క పెట్టి అంకె వేసేవారు. పన్నెండు కలిస్తే మనిషి దొరికినట్టే. ఆ తర్వాత రెండో పరీక్షకుడు చుక్కలు లేని ఫొటోలు తీసుకుని, మొదటివాడు ఏం తేల్చాడో తెలియకుండా చూడాలి. రూలు అది. మా గదిలో మాత్రం చుక్కలు పెట్టిన ఫొటోలే నా బల్ల మీదికి వచ్చేవి.

మొదట్లో ఒకసారి అడిగాను. "చుక్కల్లేనివి ఇస్తారాండీ?"

"ఎందుకు నాయనా? నా చుక్కలు లెక్కపెట్టుకో, చాలు. ఆకాశంలోవి లెక్కపెట్టమనలేదుగా!" గదంతా నవ్వింది. నేనూ నవ్వి, పన్నెండూ లెక్కపెట్టి సంతకం పెట్టాను.

అలా పెట్టిన సంతకాల్లో ఒకటి మందుల దుకాణం కేసుది. కాపలాదారుని తల పగలగొట్టి చంపారు. గాజు తలుపు మీద ఒక కుడి చూపుడువేలి ముద్ర మిగిలింది. అది గోడలకు రంగులు వేసే ఒక మేస్త్రీదని మాస్టారు తేల్చారు. ఎప్పుడో వీధి కొట్లాటలో పట్టుకుని వదిలేసినప్పటి కార్డు మా దగ్గర ఉంది. మేస్త్రీ తానెప్పుడూ ఆ దుకాణం మెట్టెక్కలేదన్నాడు. సాక్షులు లేరు. మా కాగితం ఒక్కటే ఉంది. యావజ్జీవం పడింది.

రెండేళ్లకు మాస్టారు రిటైరయ్యారు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పమన్నారు నన్ను. చక్కగా కలిసిన కేసు కదా అని దాన్నే తీశాను. చుక్కలు లేని ఫొటోలు తీయించి, ముందు నేనే ఒకసారి చేసి చూద్దామని కూర్చున్నాను.

ఆరు దొరికాయి. ఏడోది దొరకలేదు. గాజు మీది ముద్రలో మధ్య గీత ఒక చోట చీలింది. కార్డులో అదే చోట గీత చీలకుండా ఆగిపోయింది. ఒకే వేలికి అలా ఉండదు. కళ్లు కడుక్కుని వచ్చి చూశాను. మర్నాడు పొద్దున మళ్లీ చూశాను. ఆరే.

మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన ఫొటో కేసి చూడనే లేదు. "కార్డు మీద సిరా ముద్దగా పడింది నాయనా, అందుకే అలా కనిపిస్తోంది. నువ్వూ సంతకం పెట్టావుగా, అప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నావు?"

పై అధికారికి రాసిచ్చాను. మేస్త్రీ అక్కకూ చెప్పాను. ఆవిడ లాయరును పట్టుకుని కోర్టులో అర్జీ వేయించింది. ప్రభుత్వ లాయరు నన్ను బోనులో నిలబెట్టి, మాస్టారు అడిగిందే ఇంకాస్త మర్యాదగా అడిగాడు. జడ్జిగారు ఒక దారి చూపించారు: పది రోజుల్లో మేస్త్రీ వేలిముద్రలు కొత్తగా తీసి పోల్చండి.

రోలరు, సిరా, కార్డులు సంచిలో పెట్టుకుని జైలుకు వెళ్లాను. మేస్త్రీని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. చెయ్యి చాపాడు. కుడి చూపుడువేలికి సిరా రాసి కార్డు మీద దొర్లించాను. నల్లటి మరక పడింది. గీత అన్నదే లేదు. తుడిచి మళ్లీ వేశాను. అంతే. వేలు తిప్పి వెలుతురులో చూశాను. అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా ఉంది.

"ఏం పని చేస్తున్నావిక్కడ?"

"సిమెంటు ఇటుకలు సారూ. రెండేళ్ల నుంచీ."

సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. పని మానేస్తే కొన్ని వారాల్లో గీతలు మళ్లీ వస్తాయి. ఆ మాటే జైలరుతో అన్నాను.

"పని మాన్పించాలంటే కోర్టు ఆర్డరు కావాలండీ. నా చేతుల్లో లేదు," అన్నాడాయన.

మేస్త్రీ తన వేళ్లు తనే చూసుకున్నాడు. "చేశానని చెప్పడానికి అంత బాగా కనపడ్డాయి. చెయ్యలేదని చెప్పడానికి కనపడట్లేదా సారూ?"

ఆరు వారాల గడువు కావాలని కోర్టుకు రాశాను. ముద్రలు పోల్చడానికి పనికిరావనీ రాశాను, అది నిజం కాబట్టి. కోర్టు రెండో వాక్యాన్నే పట్టించుకుంది. కొత్త ఆధారం ఏమీ లేదు కాబట్టి పాత తీర్పే నిలుస్తుంది అంది.

కోర్టు వరండాలో మేస్త్రీ అక్క నా చొక్కా పట్టుకున్నంత పని చేసింది. "ఆ ముద్రలు మా వాడివి కావని రాశారా బాబూ?"

"లేదమ్మా."

"మా వాడివేనని రాశారా?"

"లేదు."

"మరేం రాశారు?"

"చెప్పలేమని."

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మూడు నెలల తర్వాత ఇటుకల దొంతర మీద పడి మేస్త్రీ కాలు విరిగిందని తెలిసింది. నెలన్నరగా జైలు ఆసుపత్రిలో మంచం మీదే ఉన్నాడట. సెలవు పెట్టి చూడ్డానికి వెళ్లాను. కంపౌండరును బతిమాలి, మంచం అంచున కూర్చుని, కుడి చూపుడువేలి ముద్ర తీశాను.

గీతలన్నీ వచ్చాయి. మధ్య గీత పాత కార్డులో నేను చూసిన చోటే ఆగిపోయింది. చీలిక లేదు. భూతద్దం కూడా అక్కర్లేదు.

కోర్టుకు పంపాను. ఉత్తర్వు లేకుండా తీసిన ముద్ర చెల్లదని తిప్పి పంపారు. మా ఆఫీసులో ఇచ్చాను. ముగిసిన ఫైలులో కొత్త కాగితం చేర్చే వీల్లేదన్నారు. అనుమతి లేకుండా ఖైదీని కలిసినందుకు సంజాయిషీ అడిగారు. పై కోర్టుకు వెళ్దామంటే అక్క రానంది. "వాడికి మళ్లీ ఆశ పెట్టే ఓపిక నాకు లేదు బాబూ," అంది.

అయినా మేస్త్రీకి నా నోటితో చెప్పాలనిపించి మళ్లీ వెళ్లాను. కట్టు విప్పేశారు. ఊతకర్ర పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఆ తలుపు మీది ముద్ర నీది కాదు," అన్నాను.

"ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు కదా సారూ," అన్నాడు. కోపంగా అనలేదు. "మీకు తెలియడానికే ఇన్నాళ్లు పట్టింది."

కాపలా మనిషి వచ్చి టైమైందన్నాడు. మేస్త్రీ కర్ర సర్దుకుని లేచాడు. సోమవారం నుంచి మళ్లీ ఇటుకల దగ్గరికేనట.