ముప్పై రోజుల మందు

షాంపూ సీసా, దగ్గు బిళ్ళల పొట్లం, పుట్టినరోజు కార్డు. గోపీకృష్ణ మూడింటినీ స్కానరు ఎర్ర వెలుతురు మీదుగా లాగి, తల ఎత్తకుండానే ఇంగ్లీషులో అడిగాడు, మా మందుల షాపు మెంబర్‌షిప్ కార్డు ఉందా అని. ముసలావిడ లేదంది. కావాలా అన్నాడు. అక్కర్లేదంది. పొద్దున తొమ్మిదింటి నుంచి అరవై సార్లు అడిగి ఉంటాడు. అడక్కపోతే మేనేజర్ డ్యారెన్ ఊరుకోడు. షిఫ్టుకి నాలుగు కార్డులు అంటగట్టాలి. వెనక గదిలో తెల్లబోర్డు మీద అందరి పేర్లూ ఉంటాయి, అమ్మినవాడి పక్కన నక్షత్రం. మూడు వారాలుగా గోపీ పేరు పక్కన ఏమీ లేదు. పైవారం నుంచి పని గంటలు తగ్గిస్తానని డ్యారెన్ నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండుతుంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. యూనిఫాం చొక్కా భుజాల దగ్గర వదులు, పొట్ట దగ్గర బిగుతు. పొద్దుటి నుంచీ నిలబడే ఉండటంతో సాయంత్రానికి ఎడమ మోకాలు వాస్తుంది. కుడి బొటనవేలి మీద కత్తెర కాయ ఒకటి పదిహేనేళ్ళయినా పోలేదు. అది నరసరావుపేటలో మెడికల్ షాపు కాయ. తొమ్మిదో తరగతి వదిలేసి ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడ స్ట్రిప్పులు కత్తిరించాడు. ఏ బిళ్ళలో ఏముందో, ఏ కంపెనీది ఎంత చవకో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇక్కడ కెనడాలో, ఈ విండ్సర్‌లో ఆ విద్యకి విలువ లేదు. అతన్ని పెట్టుకున్నది తెలుగు మాట్లాడతాడని.

మధ్యాహ్నం ఒక తెలుగమ్మాయి వచ్చింది, మెడలో ఆఫీసు బ్యాడ్జి, హర్షిణి అని పేరుంది. అలెర్జీ బిళ్ళలు కౌంటరు మీద పెట్టి, గోడ మీద మెంబర్‌షిప్ కార్డు పోస్టరు చూపించింది.

"అంకుల్, ఇది తీసుకుంటే నిజంగనే పైసలు మిగుల్తయా?"

డ్యారెన్ సరిగ్గా వెనకే నిలబడి ఉన్నాడు. గోపీ మొహం నిండా నవ్వు పులుముకుని తెలుగులో మొదలుపెట్టాడు.

"ఆఫీసులో ఇన్సూరెన్స్ ఉందా తల్లీ?"

"ఉంది."

"అయితే ఇది నీకు దండగ. లేనివాళ్ళకి ఇంకా దండగ. నా వెనక ఒకడు నిలబడ్డాడు చూడు, వాడి బోనస్‌కి మాత్రం పనికొస్తుంది. ఆలోచిస్తున్నట్టు తల ఊపి వెళ్ళిపో."

ఆ పిల్ల పెదాలు బిగబట్టి తల ఊపింది. "మస్తు చెప్పిన్రు అంకుల్" అని బిళ్ళలు తీసుకుని పోయింది. డ్యారెన్ భుజం తట్టాడు. దాదాపు ఒప్పించేశావు గోపీ, అలాగే కానీ అన్నాడు.

ఇంత ధైర్యం ఏడాది కిందట ఎక్కడికి పోయిందో.

కిందటేడు ఏప్రిల్ చివర్లో తెలుగు సంఘం చేసిన ఉగాది ప్రోగ్రాంకి ఈ షాపు వాళ్ళే స్పాన్సర్లు. పులిహోర పొట్లాల పక్కన బల్ల వేసి గోపీని కూర్చోబెట్టారు. ముప్పై ఏడు కార్డులు అమ్మాడు. అందులో ఒకటి భరద్వాజ్ గారిది. కారు విడిభాగాల ప్లాంటులో రెండో షిఫ్టు ఎత్తేసినప్పుడు అరవై రెండేళ్ళ వయసులో ఉద్యోగం పోయింది, దాంతోపాటు మందుల ఇన్సూరెన్సూ పోయింది. అరవై అయిదు నిండితే గవర్నమెంటు చూసుకుంటుంది. ఈలోపు ఎవరి గుండె వాళ్ళే చూసుకోవాలి. ఆయన గుండెలో రెండు స్టెంట్లు. కాగితం చదవను కూడా లేదు. "నువ్వు మందుల షాపు మనిషివి, నువ్వు చెప్పాక ఇంకేంటి గోపీ" అని సంతకం పెట్టేశాడు.

ఏడాదికి నూట ఇరవై డాలర్లు కట్టు, మందు ధరలో పదిశాతం తగ్గిస్తాం. వినడానికి బాగానే ఉంటుంది. అసలు సంగతి కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తగ్గింపు కావాలంటే మందు ముప్పై రోజులకి మించి ఇవ్వరు. సీసాలో పోసి ఇచ్చిన ప్రతిసారీ షాపు పన్నెండు డాలర్ల కూలి గుంజుతుంది. కార్డు లేనివాడు డాక్టరు చేత రాయించుకుని మూడు నెలల మందు ఒక్కసారే తీసుకుంటే ఏడాదికి నాలుగు కూలీలతో బయటపడతాడు. కార్డున్న మారాజు పన్నెండు సార్లు ఇచ్చుకోవాలి. నెలకి ముప్పై డాలర్ల మందు మింగేవాడికి తగ్గేది మూడు. ఆ మూడు కోసం నెలనెలా కార్డుకి పది, అదనపు కూలికి ఎనిమిది, మొత్తం పద్దెనిమిది పోగొట్టుకోవాలి. మరీ ఖరీదు మందులు వాడే ఏ ఒక్కడికో గిట్టుబాటు అవుతుందేమో, మిగతావాళ్ళకి గుండు.

మూడు నెలలకి ఇవ్వమని మనవాళ్ళు అడగనే అడగరు. ఊళ్ళో ఎవడు అడిగాడు గనక? ఒక స్ట్రిప్పు, చేతిలో తక్కువుంటే సగం స్ట్రిప్పు, జీతాలొచ్చాక మిగతాది. కత్తెర పట్టుకుని వాళ్ళకి ఆ అలవాటు చేసినవాళ్ళలో గోపీ ఒకడు. అదే అలవాటు మీద ఇక్కడ వీళ్ళు వల వేశారు.

లెక్క అతనికి రెండో వారానికే తెలిసిపోయింది. తెలిసి తొమ్మిది నెలలు నోరు మూసుకున్నాడు. గంటలు పోతాయని, బేస్‌మెంటు అద్దె ఉందని. ఈ ఫిబ్రవరిలో, తాగిన మైకంలో కాదు, పూర్తి తెలివితోనే, సంఘం వాట్సాప్ గ్రూపులో లెక్కంతా రాసి పెట్టాడు. పది నిమిషాల్లో మెసేజ్ మాయం. పావుగంటలో ఇతనే గ్రూపులోంచి మాయం. స్పాన్సర్లని అవమానించకూడదట. ఆ రోజు నుంచి తెలుగువాళ్ళ గడప తొక్కలేదు. భార్య ధరణి కూతురి పురుడికి కాల్గరీ వెళ్ళింది. పలకరించే మనిషి లేడు.

ఈ ఏప్రిల్ మొదట్లో భరద్వాజ్ గారికి ఫోన్ చేశాడు. మార్చిలో ఆయన మందులకి రానేలేదు. చవక షాపు ఇంకోటి చూసుకుని ఉంటాడు, బాగుపడ్డాడు అనుకున్నాడు గోపీ. ఫోనులో ఆయన "మందులు ఉన్నాయిలే, సరిపోతాయి" అన్నాడు. "ఇరవై తొమ్మిదిన కార్డు రెన్యువల్. అది దాటితే డబ్బు దానంతటదే లాగేస్తారు. ఆ రోజు తప్పకుండా రండి, నేనొక మాట చెప్పాలి" అన్నాడు గోపీ. ఆ మాట ఫోనులో చెప్పలేకపోయాడు. మోసం చేశానని మొహం చూసి చెప్పాలి, కార్డు తన చేత్తోనే రద్దు చెయ్యాలి.

ఇవాళ ఇరవై తొమ్మిది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూస్తూనే ఉన్నాడు.

నాలుగున్నరకి వచ్చింది ఆయన కాదు, ఆయన భార్య చంద్రిక. బొట్టు లేదు. చేతిలో కూరగాయల సంచీ.

"బాగున్నారా అన్నయ్యగారూ. మిగిలిపోయిన మందులు షాపులో ఇచ్చెయ్యాలటగా. చెత్తలో వెయ్యకూడదని అమ్మాయి అంది."

గోపీ ఆమె నుదురు చూశాడు. సంచీ చూశాడు.

"మీరు రాలేదేంటా అనుకున్నాం," అంది ఆమె. నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "గ్రూపులో పెట్టారుగా. పన్నెండో తారీకు, ఆదివారం. స్నానానికి వెళ్ళి బయటికి రాలేదు."

"నేను గ్రూపులో లేనమ్మా."

"అయ్యో. అలాగా." సంచీ కౌంటరు మీద పెట్టి, పర్సులోంచి బ్యాంకు కార్డు తీసింది. "ఇవాళ రెన్యువలని క్యాలెండర్లో రాసుకున్నారు. నా షుగరు బిళ్ళలు కూడా దాని మీదే కదా. కట్టేసి పోతాను."

"వద్దు. దాచుకోండి." కార్డు గీకే మిషను తన వైపు లాక్కున్నాడు. "ఆ కార్డు వల్ల మీకు రూపాయి మిగల్లేదు. ఎదురు మీరే కట్టారు. మీ డాక్టరు చేత మూడు నెలలకి రాయించుకుని, ఏదన్నా వేరే షాపుకి వెళ్ళండి. నాకు అప్పుడే తెలుసు. చెప్పలేదు."

చంద్రిక తల ఎత్తి చూసింది.

"మీరు చెప్పారనే ఆయన తీసుకున్నారు," అంది. అంతే. బ్యాంకు కార్డు పర్సులో పెట్టుకుని, జిప్పు వేసుకుని, తలుపు వైపు నడిచింది. బయట కారులో కూతురు ఉంది.

గోపీ మిషన్లో భరద్వాజ్ గారి ఫోన్ నంబరు కొట్టి రద్దు నొక్కాడు. కారణం చెప్పమంది మిషను. ఇల్లు మారారు. వేరే ప్లాన్ దొరికింది. ఇతరం. చచ్చిపోయినవాడికి అందులో చోటు లేదు. దోచుకున్నారు అన్నదానికీ లేదు. ఇతరం నొక్కాడు.

డ్యారెన్ వచ్చాడు. ఇప్పుడు క్యాన్సిల్ చేశావా అన్నాడు, నవ్వు లేకుండా.

"చేశాను. మిగతా ముప్పై ఆరు మందికీ ఈ రాత్రే ఫోన్లు చేస్తాను," అన్నాడు గోపీ తెలుగులోనే. డ్యారెన్‌కి అర్థం కాలేదు. ఆ గొంతు మాత్రం అర్థమైనట్టుంది, రెండడుగులు వెనక్కి వేశాడు. గోపీ కోటు తీసుకుని, షిఫ్టు ముగియడానికి ఇంకా గంటన్నర ఉండగానే తలుపు దాటాడు.

కౌంటరు మీద సంచీ పక్కకి ఒరిగింది. అందులోంచి ఒక సీసా దొర్లి, మిషను పక్కన ఆగింది. భరద్వాజ్ గారి పేరు, రక్తం పలచన చేసే బిళ్ళలు, ముప్పై, రోజుకొకటి, ఫిబ్రవరి ఇరవై అని లేబులు. అడుగున ఇంకా తొమ్మిది ఉన్నాయి, అన్నీ సగాలే, కూరల కత్తికి సరిగా తెగక అంచులు చిట్లి, సీసా లోపలి గోడల నిండా తెల్లటి పొడి.