నిద్రబిళ్ళల సరదా

కక్కు అంటిన లుంగీలు కాలవరేవులో ఉతకడం సుందరికి కొత్త కాదు. డెబ్భై ఎనిమిది వేసవి అంతా అదే పని. సెలవులకు ఇంటికొచ్చిన మరిది సింహాద్రి, మొగుడు దుర్గారావు, వాళ్ళ స్నేహితులు ఆదివారం వస్తే చాలు, కొబ్బరితోటలో చేరతారు. వాళ్ళకి రొయ్యలు వేయించేదీ సుందరే, మర్నాడు బట్టలు ఉతికేదీ సుందరే. “వయసులో ఉన్నోళ్ళు, ఏదో సరదా,” అంటుంది అత్తగారు సత్యనారాయణమ్మ. సరదాట, సరదా! బ్రాందీతో నిద్రబిళ్ళలు మింగడం కూడా సరదాయేనా? మొగుడికి కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పక్కలో ఉన్న మనిషిని కుదిపి కుదిపి పిలిచినా పలకడు. ఈ భయం చెప్పుకోవడానికి అంత ఇంట్లో ఆమెకు ఒక్కరూ లేరు.

ఆ సోమవారం పొద్దెక్కినా సింహాద్రి లేవలేదు. పెదాలు నీలమయ్యాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అమలాపురం నుంచి డాక్టరుగారిని కారులో తీసుకొచ్చారు.

“రాత్రి ఏం తిన్నాడండీ?”

“రొయ్యలు పడలేదనుకుంటానండి,” అన్నాడు దుర్గారావు నేలచూపులు చూస్తూ.

“కోడలు సరిగ్గా కడిగిందో లేదో,” అన్నారు మామగారు సూరయ్య.

ఆ ఇంటి కోడళ్ళు మామగారి ఎదట పడరు, గొంతు వినిపించరు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి అత్తగారి చెవిన వేయాల్సిందే. సుందరి అలాగే వేసింది. “రొయ్యలు కాదండీ, నిద్రబిళ్ళలండీ. డాక్టరుగారితో చెప్పండి.”

అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. “నోర్ముయ్యి. ఇంటి పరువు తీస్తావా?”

లోపల డాక్టరుగారు రొయ్యల మాటే నమ్మి వాంతులు కట్టే మందు తీస్తున్నారు. దేవుడా, ఆ మందుతో పిల్లాడు దక్కడు, అనుకుంది సుందరి. ఆ ఇంట్లో ‘తిన్నావా వదినా’ అని అడిగేవాడు వాడొక్కడే. గడప దాటి, మామగారి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“రొయ్యలు కాదండీ. బ్రాందీతో నిద్రబిళ్ళలు మింగేడు.”

“సిగ్గు లేదూ? లోపలికి పో!” అని లేచారు సూరయ్య.

“మీరుండండి,” అన్నారు డాక్టరుగారు గట్టిగా. “కారెక్కించండి, ఆసుపత్రిలో కడుపు కడిగించాలి. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేది.” ఆమె వైపు తిరిగారు. “ఇంకెవరైనా మింగేరామ్మా?”

దుర్గారావు పళ్ళు కొరుకుతూ ఆమెనే చూస్తున్నాడు. సుందరి చూపు తిప్పుకోలేదు.

“ఆయ్. ఈయన కూడానండి. బిళ్ళలు తెచ్చిందీ ఈయనే.”