దేముడమ్మ దీపం

కెపాసిటర్ కాళ్ళు వంచి బోర్డులో దూర్చి, కూర్మయ్య సోల్డరింగ్ ఐరన్ మొనను తడిగుడ్డ మీద తుడిచాడు. సుయ్యిమంది. ఈ ఒక్క కెపాసిటర్ కరెంటును తగ్గించి పంపితే ఎల్ఈడీలు వెలుగుతాయి. దీపమంతా అరచేతిలో ఇమిడిపోతుంది. పూసపాటిరేగలో అతని చిన్న దుకాణం నుంచి అలాంటివి వందకు పైగా వెళ్ళాయి.

చింతపల్లి రేవు నుంచి వచ్చి దేముడమ్మ ఆటో దిగింది. చేపలు కడిగే పాకలో కిందకి వేలాడేలా దీపం కావాలని ముందే చెప్పి ఉంది. ఆమె బల్ల మీద చెయ్యి ఆనించింది. నీళ్ళలో నాని ముడతలు పడిన వేళ్ళు, గోళ్ళ అంచున చేప పొలుసులు. కూర్మయ్య ఆ చేతిని చూసి, కడుతున్న బోర్డును పక్కన పెట్టేశాడు. అలమర కింది అరలోంచి తొమ్మిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు తీశాడు.

డయోడ్లు నాలుగూ అతికేసరికి పదకొండయింది. బనీను వీపుకు అంటుకుపోయింది. డబ్బాలో బిగించి ఇస్తే దేముడమ్మ ఎత్తి చూసి మొహం చిట్లించింది.

"ఏటి బావా, ఇంత బరువున్నాది? టీ కొట్టులో సిన్నది కట్టినావు కదా?"

"సిన్నది పైన ఎవులికీ అందకుండా ఉండాల. దానికీ లైను కరెంటుకీ మద్దిన అడ్డేటీ నేదు. దీన్లో ఈ ట్రాన్స్‌ఫార్మరు అడ్డుంటాది, తడి సేత్తో ముట్టుకున్నా ఏటీ కాదు."

ఆమెకు నమ్మకం కలగలేదు. కూర్మయ్య స్క్రూలు సర్దుతూ కూర్చున్నాడు.

"మా ఇంటిది జగ్గమ్మకి నీళ్ళగదిలో సిన్నదే కట్టినాను" అన్నాడు చివరికి. "తడి సేత్తో ముట్టుకున్నాది. బతికింది. నాలుగేళ్ళయినా ఇంట్లో లైటు సుచ్చి ముట్టదు, నానే ఎయ్యాల. దానిదే పొరపాటనుకుంటన్నాది. నాదని నాను సెప్పనేదు."

తర్వాత డబ్బా ప్లగ్గు పెట్టి స్విచ్ వేసి, నీళ్ళ చెంబులో వేళ్ళు ముంచి, దీపానికి పోయే రెండు తీగల కొసలూ పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. దేముడమ్మ కూడా వేళ్ళు తడుపుకుని పట్టుకుంది. వదిలి అతని వంక చూసింది.

"నాకిదే కట్టు బావా. ఇంటికెళ్ళి ఆ సంగతి జగ్గమ్మకీ సెప్పు."

చెబుతానన్నట్టు తల ఊపాడు. కొసలు దీపానికి అతికి, పైన టేపు చుట్టి, ఆమెను ఆటో ఎక్కించాడు.

మధ్యాహ్నం క్యారేజీ సగమే తిన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందని పక్క కొట్టు కొండబాబుతో అని, బల్ల మీద నడుం వాల్చాడు. నాలుగింటికి టీ పట్టుకొచ్చిన కొండబాబు రెండుసార్లు పిలిచాడు. భుజం తట్టాడు. ఒళ్ళు చల్లగా తగిలింది. గ్లాసు కింద పెట్టి, బయటికొచ్చి మనుషులను కేకేశాడు.

కబురు రేవుకు చేరేసరికి పొద్దు వాలింది. దేముడమ్మ పాకలో అప్పటికే దీపం వెలుగుతోంది, కోడలు దాని కింద కూర్చుని చేపలు కడుగుతోంది. దేముడమ్మ చేతులు కూడా తుడుచుకోకుండా జగ్గమ్మ దగ్గరకు బయలుదేరింది.

దుకాణంలో, తలుపు వెనక మేకుకు అతని చొక్కా వేలాడుతోంది. జేబులోని టెస్టర్ బరువుకు ఎడమవైపు కాస్త కిందకి జారి ఉంది.